మాస్క్ ఎంత బిగించినా లీకు ఆగట్లేదు, ఎందుకు?

ప్రశ్న: మా ఆయనకి స్లీప్ ఆప్నియా (నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగిపోవడం) ఉందని డాక్టరు సీప్యాప్ మిషన్ రాశారు, అది గొట్టంలోంచి మాస్క్‌లోకి ఒత్తిడితో గాలి పంపుతుంది. ముక్కూ నోరూ కప్పే మాస్క్ ఇచ్చారు. రాత్రిపూట పక్కల నుంచి గాలి కళ్ళలోకి కొడుతోందని పట్టీలు బాగా బిగించుకుంటున్నారు. ముక్కు దూలం మీద కమిలిపోయి, ఈమధ్య చర్మం కూడా లేచింది. అయినా లీకు ఆగట్లేదు. మాస్క్ ముందువైపు సన్నటి రంధ్రాల్లోంచి కూడా గాలి పోతోంది, వాటికి టేపు వేసేద్దామా అంటున్నారు. వేయొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ టేపు సంగతి చెప్తాను. వేయొద్దండీ, ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు. ఆ రంధ్రాలు కావాలని పెట్టినవి. మిషన్ నుంచి మాస్క్‌కి వచ్చేది ఒకటే గొట్టం, అందులోంచి గాలి ముఖం వైపే వస్తూ ఉంటుంది కాబట్టి వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవాలంటే ఆ రంధ్రాలే దారి. వాటిని మూసేస్తే మనిషి తను వదిలిన గాలినే మళ్ళీ పీలుస్తూ నిద్రపోతాడు. మీ ఆయన వాడే రకం మాస్కుల్లో ఇంకో చిన్న వాల్వ్ కూడా ఉంటుంది. మిషన్ నడిచినంతసేపూ మూసుకుని ఉండి, కరెంటు పోయి మిషన్ ఆగితే తెరుచుకుని బయటి గాలిని లోపలికి రానిస్తుంది. మాస్క్ కడిగిన ప్రతిసారీ అది అతుక్కుపోకుండా కదులుతోందో లేదో చూడండి.

ఇక లీకు. మాస్క్ అంచున ముఖానికి ఆనే మెత్తటి సిలికాన్ కుషన్‌ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. చాలా మాస్కుల్లో అక్కడ రెండు పొరలుంటాయి. చర్మానికి తగిలేది ఉల్లిపొరలా పలుచగా ఉంటుంది, దాని వెనక కాస్త మందమైనది. మిషన్ గాలి ఆ పలుచటి పొర వెనక చేరి, దాన్ని ఉబ్బించి, ముఖం వంపులకి తగ్గట్టు అతికిస్తుంది. అంటే గాలే గాలిని ఆపుతుంది, పట్టీలు మాస్క్ జారిపోకుండా పట్టుకుంటాయి, అంతే. పట్టీ గట్టిగా లాగేసరికి ఆ పొర నలిగి మడత పడుతుంది, మడతలోంచి గాలి తన్నుకొస్తుంది, అది చూసి మనం ఇంకో చుట్టు బిగిస్తాం. ముక్కు దూలం దగ్గరేమో చర్మం కింద కండ లేదు, కొవ్వు లేదు, వెంటనే ఎముక. గంటల తరబడి నొక్కితే అక్కడి సన్నటి రక్తనాళాలు మూసుకుపోయి చర్మానికి రక్తం అందదు. మిషన్ ఇచ్చే ఒత్తిడి 4 నుంచి 20 సెంటీమీటర్ల నీటి ఎత్తుకి సమానం. ఆ 20 కూడా బీపీ కొలిచే పాదరసం మిల్లీమీటర్ల లెక్కలో 15 దాటదు. చర్మాన్ని లేపింది ఆ గాలి కాదు, పట్టీ లాగుడు.

ఇవాళ రాత్రి పట్టీలన్నీ వదులు చేయండి. ఆయన్ని పడుకోమని, మిషన్ రోజూ ఉండే ఒత్తిడికి వచ్చాక, మాస్క్‌ని ముఖం మీంచి కొద్దిగా ముందుకు లాగి మెల్లగా వదలండి, పొర తనంతట తనే ఉబ్బి కూర్చుంటుంది. తర్వాత రెండు పక్కలా సమానంగా, లీకు ఆగేంతవరకే సర్దండి. కూర్చుని అమర్చుకుంటే లాభం లేదు, ఎందుకంటే పడుకోగానే బుగ్గలు జారి ముఖం ఆకారమే మారిపోతుంది. అప్పటికీ ఆగకపోతే మాస్క్ సైజు సరిపోకపోయి ఉండొచ్చు. ముఖం పెద్దదైతే పెద్ద మాస్క్ సరిపోతుందని చాలామంది అనుకుంటారు గానీ చూడాల్సింది ముక్కు వెడల్పు, దూలం నుంచి పెదవి కింది దాకా ఉన్న దూరం. చర్మం లేచింది కాబట్టి ఆ పుండు డాక్టరుకి చూపించండి, అది మానేదాకా ముక్కు దూలాన్ని తాకని రకం మాస్క్ కుదురుతుందేమో అడగండి. మిషన్ మాత్రం సొంతంగా ఆపేయొద్దు.

ఈ చికిత్స 1980ల మొదట్లో ఆస్ట్రేలియాలో డాక్టర్ కోలిన్ సలివాన్ మొదలుపెట్టినప్పుడు ఒక్కొక్కరి ముక్కుకీ విడిగా మాస్క్ తయారుచేసి రోజూ సిలికాన్ జిగురుతో అతికించేవారు. రోజూ ముఖానికి జిగురు పూసుకుని పడుకున్న ఆ తొలి రోగుల ఓపికకి దణ్ణం పెట్టాలి.

ప్రశ్న: మా అమ్మకి ముక్కులో పెట్టే సన్నటి గొట్టంతో నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్ పెడుతున్నాం. ముక్కు రంధ్రాల పక్కన బోలెడు ఖాళీ ఉంటోంది. ఆక్సిజన్ అంతా వృథా అయిపోతోందేమోనని టెన్షన్‌గా ఉంది. పూర్తిగా పట్టేలా లావు గొట్టం దొరుకుతుందా? – ఒక పాఠకుడు

జవాబు: ఆ ఖాళీ ఉండాలి. ఊపిరి తీసుకునేటప్పుడు మనిషి నిమిషానికి దాదాపు 30 లీటర్ల వేగంతో గాలిని లాగుతాడు, గొట్టం ఇచ్చేది 2 లీటర్లు. మిగతాదంతా ఆ ఖాళీలోంచే రావాలి కదా! మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం, 2 లీటర్లు కలిస్తే సుమారు 28 శాతం అవుతుంది. ఊపిరి వదిలి మళ్ళీ తీసుకునే మధ్యలో గొట్టంలోంచి వచ్చిన ఆక్సిజన్ ముక్కులో, గొంతు పైభాగంలో కొంత నిలుస్తుంది, తర్వాతి ఊపిరిలో ముందు లోపలికి పోయేది అదే. కాబట్టి మీరు భయపడుతున్నంత వృథా లేదు.

ఆ రెండు కొసల వంపు గమనించారా? వంపు కిందికీ వెనక్కీ తిరిగేలా పెట్టాలి, అప్పుడే ఆక్సిజన్ ముక్కు నేల వెంబడి లోపలికి పోతుంది. తిరగేసి పెడితే ముక్కు పైభాగానికి కొట్టి మంట పుడుతుంది. చెవుల వెనక ఒరుసుకుపోతోందేమో రోజూ చూడండి. ముక్కు ఎండితే పెట్రోలియం జెల్లీ వద్దు, నీటి ఆధారిత జెల్ అడగండి. దీపం, సిగరెట్, పొయ్యి ఏవీ దగ్గరికి రానివ్వొద్దు. లీటర్లు పెంచడం, తగ్గించడం డాక్టరు చెప్తేనే.

ప్రశ్న: బయోమెడికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. ప్రాజెక్టుగా మాస్క్ డిజైన్ చేయాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక విద్యార్థిని

జవాబు: చాలా సంతోషం అమ్మా. కంప్యూటర్‌లో గీసేముందు ముఖాలు చూడు. గడ్డం ఉన్నవాళ్ళు, పళ్ళు ఊడి బుగ్గలు లోపలికి పోయినవాళ్ళు, చప్పిడి ముక్కువాళ్ళు, నోరు తెరిచి నిద్రపోయేవాళ్ళు. ఒకే బొమ్మ తల మీద పరీక్షించి లీకు లేదంటే నేను నమ్మను. మాస్క్ లోపలి ఖాళీ ఎంత తగ్గితే అంత మంచిది, వదిలిన గాలి అక్కడే నిలిచిపోతుంది కాబట్టి. గాలి పోయే దారిని ఒక పెద్ద రంధ్రంగా కాకుండా చాలా సన్నటి రంధ్రాలుగా విడగొడితే చప్పుడు తగ్గుతుంది, పక్కన పడుకున్నవాళ్ళ మీదికి కొట్టదు. పసిపిల్లల జోలికి ఇప్పుడే వెళ్ళకు. నెలలు నిండని బిడ్డ ముక్కు మధ్య గోడ ఎంత సున్నితమంటే కొద్దిపాటి ఒరిపిడికే పుండు పడుతుంది.

ఇంకొకటి, ఏ డిజైన్ చేసినా చేతులు వణికే పెద్దాయన ఒకరికి తొడిగి, లైటు ఆర్పేసి, తీయమని చెప్పు. వాంతి వచ్చినప్పుడు ఆయనకి దొరికేది ఒకటి రెండు క్షణాలే.