అమ్మ చెప్పినదానికి కూడా ఫుట్‌నోట్ పెట్టాలా?

ప్రశ్న: ఎం.ఏ. సోషియాలజీ చివరి సెమిస్టర్ చదువుతున్నాను. పోచంపల్లి పక్క ఊరు మాది, ఇంట్లో మగ్గం ఉంది. డిసర్టేషన్ కూడా ‘చేనేత కార్మికుల సమస్యలు’ మీదే, ఇంగ్లీషులో రాస్తున్నాను. మొదటి చాప్టర్‌కి సాఫ్ట్‌వేర్‌లో సిమిలారిటీ (వేరేవాళ్ల రాతలతో పోలిక) 34 శాతం వచ్చిందని మా గైడ్ వెనక్కిచ్చేశారు. నేను కాపీ కొట్టలేదండీ, ప్రతి వాక్యంలో పదాలు మార్చాను. పైగా ఆసు పోసే (నేతకు ముందు నూలును చేత్తో మేకుల చుట్టూ తిప్పే) ఆడవాళ్ల భుజాల నొప్పుల గురించి సొంతంగా రాసిన పేరా పక్కన ‘ఎవరన్నారు?’ అని ఎర్ర పెన్నుతో రాశారు. మా అమ్మే ఇరవై ఏళ్లు ఆసు పోసింది. కళ్లారా చూసినదానికి సోర్స్ ఎక్కణ్ణుంచి తేవాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ 34 సంగతి చూద్దాం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు అయితే గడువు పెట్టి సరిచేసి ఇమ్మంటారు, ఆ గడువు ఆరు నెలలకు మించదు. 40 దాటితే ఏడాదిపాటు మళ్లీ ఇవ్వనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. మీరింకా సబ్మిట్ చెయ్యలేదు, గైడ్ ముందే పట్టుకున్నారు కాబట్టి ఆయన మీద కోపం తెచ్చుకోకండి. ఆ రిపోర్ట్ ఒకసారి అడిగి చూడండి, సోర్స్ చెప్పి కొటేషన్ గుర్తుల్లో పెట్టిన మాటల్నీ, చివరి గ్రంథాల జాబితానీ లెక్కలోంచి తీసెయ్యాలి, ఒక్కోసారి తియ్యరు.

ఇక పదాలు మార్చడం. పక్కింటివాళ్ల డిజైన్‌కి ఎరుపు బదులు నీలం అద్దితే మీ ఊళ్లో ఎవరూ గుర్తుపట్టరా? ఇదీ అంతే, వాక్యం అల్లిక వాళ్లది, రంగు మీది. చదివిన పేజీ మూసేసి, అందులో ఏముందో అమ్మగారికి తెలుగులో చెప్పి చూడండి, చెప్పలేకపోతే మీకింకా అర్థం కాలేదన్నమాట. చెప్పగలిగితే అప్పుడు కూర్చుని రాయండి, పక్కన ఎవరి దగ్గర చదివారో, ఏ పేజీలో చదివారో కూడా వెయ్యండి. మాటలు పూర్తిగా మీవే అయినా ఆలోచన వాళ్లదైతే పేరు చెప్పాల్సిందే, సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోయినా సరే. పరిశోధనా గ్రంథాలు ఉంచే శోధగంగ వెబ్‌సైట్‌లో చేనేత మీద థీసిస్‌లు వెతికి చదవండి, ఎవరు ఏ ప్రశ్న అడగలేదో తెలుస్తుంది.

అన్నిటికీ ఫుట్‌నోట్ అక్కర్లేదు. భూదానం 1951లో పోచంపల్లిలో మొదలైందని రాస్తే ఎవరూ సోర్స్ అడగరు. ‘ఆసు పోసే ఆడవాళ్లందరికీ భుజాలు పాడవుతాయి’ అంటే మాత్రం అడుగుతారు, ఎందుకంటే మీరు చూసింది అమ్మగారిని, రాసింది అందరి గురించి. (నా చదువు రోజుల్లో ఒకే పేజీలో ఇలాంటివి ఏడు ‘అందరూ’లు దొరికాయి, మా గైడ్ ఏడింటికీ సున్నా చుట్టారు.)

మీకు తెలిసింది తప్పని కాదు, దాన్ని ఆధారంగా మార్చుకోవాలి. పదిమంది ఆడవాళ్లతో మాట్లాడి తేదీ, ఊరు, వయసు, ఎన్నేళ్లు ఆసు పోశారో రాసుకోండి, అసలు పేర్లు బయటపెట్టకండి. మీరు నేతింటి బిడ్డ అన్న సంగతి పరిశోధన పద్ధతి చెప్పే చాప్టర్‌లో దాచకుండా రాయండి, అక్కడ ‘నేను’ అని రాయొచ్చా అని గైడ్‌ని అడగండి, కొందరు ఒప్పుకోరు.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ, అసలు తిప్పలు టాపిక్‌తోనే. ‘చేనేత కార్మికుల సమస్యలు’ అంటే నూలు ధర నుంచి పింఛను దాకా ఏదైనా పడుతుంది, అలాంటప్పుడే చేతికి దొరికినవాళ్ల పేరాలు తెచ్చి నింపుతాం. తల్లి ఆసు పోస్తూ పడే బాధ చూసే చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. ఆ యంత్రం వచ్చిన ఇళ్లలో ఆడవాళ్లకి మిగిలిన టైమ్ ఏమైంది? విశ్రాంతి దొరికిందా, వేరే పని నెత్తిన పడిందా? దీని మీదైతే ఎనభై పేజీలు మీరే రాయగలరు, ఎవరి వాక్యం అరువు తెచ్చుకోనక్కర్లేదు. గైడ్ ఒప్పుకుంటే మొదటి ఇంటర్వ్యూ ఇంట్లోనే చెయ్యండి, ఫోన్‌లో రికార్డింగ్ నొక్కే ముందు మాత్రం అమ్మగారిని అడగండి.