పాఠకుల ప్రశ్నలు: హవాయి వాగుల్లో కుట్టని దోమలు

ప్రశ్న: హవాయిలో ఓ కొండవాగు రాళ్ల మీద సన్నటి లార్వాలు, పక్కనే దోమల్లాంటి పురుగులు దొరికాయి. వీటి జాతి తేల్చేదెలా? (కీటకశాస్త్ర విద్యార్థిని, హిలో)

జవాబు: ముందు ఎగిరేవాటిని చూడండి. పొడవాటి తొండం గానీ, రెక్కల మీద పొలుసులు గానీ లేకుండా, వాలినప్పుడు ముందుకాళ్లు పైకెత్తితే అవి కైరోనమిడ్ మిడ్జ్‌లు, అంటే దోమల్లా ఉన్నా కుట్టని చిన్న పురుగులు. దోమ ఎత్తేది వెనక కాళ్లను. కుట్టే మిడ్జ్‌లది వేరే కుటుంబం. వాటి రెక్క మధ్య ఈనె రెండుగా చీలుతుంది, వీటికి చీలదు.

లార్వా ఒక్కటే ఉంటే చాలాసార్లు ప్రజాతి (జాతికి పై మెట్టు) దగ్గరే ఆగిపోతాం. జాతిని పట్టిచ్చేది ఎక్కువగా మగపురుగు పొట్టచివరి జననాంగాలే. అందుకని ఛాతీ ఉబ్బి ప్యూపా కాబోతున్న లార్వాను ఏరి, ఒక్కోదాన్ని ఒక్కో చిన్న సీసాలో వాగునీటితో ఉంచి, మూతికి సన్నటి వల కట్టండి. లార్వా కుబుసం, ప్యూపా కుబుసం, పెద్ద పురుగు మూడూ దక్కితే మూడింటికీ ఒకే నంబరు వేయండి. ఉరికే నీటి జాతులు నిలవనీటిలో ఆక్సిజన్ చాలక చచ్చిపోతాయి, సన్నగా గాలి పంపాలి. ఖాళీ ప్యూపా కుబుసాలు నీటిపై తేలుతూ నురగలో, రాళ్ల వెనక పోగవుతాయి. 250 మైక్రాన్ల జల్లెడతో తీస్తే పెంపకం లేకుండానే బోలెడు సమాచారం.

ఖండాల పురుగుల కోసం రాసిన గుర్తింపు పట్టికతో ద్వీపపు పురుగుకు పేరు పెట్టకండి. చివర్లో ఏదో ఒక పేరు తప్పక వస్తుంది, అదే ప్రమాదం. టెల్మటోజిటాన్ ప్రజాతినే తీసుకోండి: మిగతా చోట్ల సముద్రపు ఒడ్డు రాళ్ల మీద బతికేది, హవాయిలో మంచినీటి జలపాతాల్లోకి ఎక్కి అక్కడే సొంత జాతులైంది. ఎంత అద్భుతం! అదే దీవుల్లో, మావీలోని కీలియా చెరువు దగ్గర గుంపులు కట్టే పాలిపెడిలమ్ న్యూబిఫర్ అనే మిడ్జ్ మాత్రం బయటినుంచి వచ్చింది, మన దేశంలోనూ ఉంది.

ప్రశ్న: స్లైడ్ మీద లార్వా తల పాలిపోయి పళ్లు కనబడటం లేదు. ఎందుకు?

జవాబు: కండను కరిగించే క్షారం కాస్టిక్ పొటాష్‌లో ఎక్కువసేపు ఉంచారు. తలను శరీరం నుంచి వేరుచేసి, 10 శాతం ద్రావణంలో వేడి చేయకుండా రాత్రంతా ఉంచితే చాలు. వేడి చేస్తే కొన్ని నిమిషాలకే కండ కరుగుతుంది, అప్పుడు కన్ను తిప్పకండి. తర్వాత నీళ్లలో కొన్ని చుక్కల ఎసిటిక్ ఆమ్లం కలిపి కడగాలి. 70, ఆపైన 95 శాతం ఆల్కహాల్‌లో ముంచి, స్లైడ్‌కి అతికించే జిగురు యూపరాల్‌లో తల అడుగుభాగం పైకి వచ్చేలా పెట్టి కవర్‌స్లిప్‌ను మెల్లగా నొక్కండి. తల ఒరిగితే మెంటమ్ (తల అడుగున ఉండే పళ్ల పలక) పళ్లు ఒకదాని మీద ఒకటి పడి లెక్క తప్పుతుంది. యూపరాల్ బదులు కెనడా బాల్సమ్ అనే జిగురు వాడినప్పుడు స్లైడ్ పాలలా తెల్లబడితే లోపల నీరు మిగిలిందని అర్థం.

ప్రశ్న: డీఎన్‌ఏ చేయిస్తే ఈ తంటా తప్పుతుందా?

జవాబు: తప్పదు. జాతులను పోల్చడానికి వాడే సీఓఐ అనే జన్యువులోని 658 డీఎన్‌ఏ అక్షరాల వరుస బాగా పనికొస్తుంది. కానీ మీ జాతి వరుస డీఎన్‌ఏ వరుసల భండారంలో లేకపోతే దగ్గరి చుట్టం పేరే వస్తుంది. పురుగును 95 శాతం ఆల్కహాల్‌లో దాచి, ఒకట్రెండు కాళ్లు మాత్రమే డీఎన్‌ఏకి ఇవ్వండి. మిగతా శరీరం స్లైడ్‌కి ఉండాలి.