‘ఒంట్లో యాసిడ్ పోవాలి’ అని ఇన్సులిన్ ఆపేశారు, షుగర్ 270కి చేరింది

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా నాయనకు అరవై ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. రాత్రిపూట ఇన్సులిన్ వేసుకుంటారు. పోయినసారి కిడ్నీల పనితీరు చూసే పరీక్షలో క్రియాటినిన్ 1.7 వచ్చింది. మా బావ ఆల్కలైన్ నీళ్ల మిషన్లు అమ్మే వ్యాపారంలో చేరి, మా ఇంట్లోనే డెమో పెట్టాడు. బోరు నీళ్లలో కడ్డీలు ముంచి కరెంటు ఇస్తే నీళ్లు తుప్పు రంగుకు తిరిగి మడ్డి తేలింది. ప్లాంటు నీళ్లలో ఏదో చుక్కలమందు వేస్తే పసుపు రంగు, మిషన్ నీళ్లలో వేస్తే ఊదా రంగు వచ్చింది. రక్తం యాసిడ్‌గా మారడం వల్లే షుగర్, మోకాళ్ల నొప్పులు, క్యాన్సర్ వస్తాయనీ, అది కనిపెట్టినందుకే ఒక శాస్త్రవేత్తకు నోబెల్ ఇచ్చారనీ చెప్పాడు. మిషన్ లక్షన్నర. అది కొనేలోపు అని నాయన రోజూ పొద్దున్నే నీళ్లలో నిమ్మరసం, చిన్న చెంచా వంట సోడా కలుపుకుని తాగుతున్నారు. మూడు వారాల నుంచి ఇన్సులిన్ మానేశారు. ‘బరువు తగ్గినా, ఒంట్లో విషమంతా ఉచ్చలో పోతాంది’ అంటున్నారు. నిన్న పరగడుపున చూస్తే షుగర్ 270. ఇందులో ఏమైనా నిజముందా? అసలు నిమ్మకాయ పులుపు కదా, అది ఆల్కలైన్ ఎలా అవుతుంది? మా పిల్లలు ఐదేళ్లవాడు, మూడేళ్ల పాప. వాళ్లు తాగేదీ బోరు నీళ్లే. వాళ్లకోసమైనా మిషన్ కొనమంటారా?

జవాబు: ముందు ఈ రోజు చేయాల్సిన పని చెబుతాను. మిగతాది తర్వాత తీరిగ్గా చదవండి.

మూడు వారాలుగా ఇన్సులిన్ లేదు, పరగడుపునే 270 ఉంది, కిడ్నీలు అప్పటికే కొంత దెబ్బతిన్నాయి. రేపు చూద్దాం అనుకునే పరిస్థితి కాదు. మీ నాయనను చూసే డాక్టర్‌కు ఈ రోజే ఫోన్ చేసి, ఇన్సులిన్ ఎంత మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలో అడగండి. మానేసిన రోజులకు కూడా కలిపి ఒకేసారి ఎక్కువ వేసేయకండి, షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది. సోడా నీళ్లు ఇవాళే ఆపించండి. మూత్రంలో కీటోన్లు, రక్తంలో క్రియాటినిన్, పొటాషియం, బైకార్బొనేట్ చూపించండి. వాంతులు, కడుపునొప్పి, లోతుగా ఆయాసపడుతూ ఊపిరి తీయడం, మగత, నోట్లోంచి మగ్గిన పండు వాసన... వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఫోన్లతో కాలయాపన చేయకుండా 108 పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లండి.

బరువు తగ్గడం గురించి ఆయనకు మీరే విడమరిచి చెప్పాలి. రక్తంలో షుగర్ సుమారు 180 దాటితే కిడ్నీలు దాన్ని పట్టి ఉంచలేక మూత్రంలోకి వదిలేస్తాయి. షుగర్ తనతోపాటు నీళ్లను కూడా లాక్కుపోతుంది. అందుకే మూత్రం ఎక్కువసార్లు వస్తుంది, దాహం వేస్తుంది, మళ్లీ నీళ్లు తాగుతారు. తిన్న తిండి ఒంటికి పట్టదు కాబట్టి శరీరం తన కొవ్వును, కండను కరిగించుకుంటుంది. విషం పోతోందని ఆయన సంబరపడుతున్నారు, కానీ పోతున్నది తిన్న సంగటి, పెరిగిన కండ. నడుము దగ్గర పంచె వదులవుతోందని సంతోషపడే షుగర్ పేషెంట్లను చూస్తే నాకు భయమేస్తుంది.

ఇక అసలు విషయానికొద్దాం. రక్తం యాసిడ్‌గా మారడం అనే జబ్బు నిజంగానే ఉంది. మీ బావ చెప్పినట్టు కాదు, దాదాపు దానికి తలకిందులుగా ఉంది. యాసిడా, ఆల్కలైనా (అంటే క్షారమా) అని కొలిచే లెక్కను పీహెచ్ అంటాం. 7 కంటే తక్కువైతే యాసిడ్, ఎక్కువైతే ఆల్కలైన్. రక్తం పీహెచ్ మామూలుగా 7.35 నుంచి 7.45 మధ్య ఉంటుంది. అంటే మన రక్తం పుట్టుకతోనే కొద్దిగా ఆల్కలైన్. ఇన్సులిన్ బొత్తిగా లేకపోతే ఒంట్లోని కణాలు చక్కెరను వాడుకోలేవు. అప్పుడు కొవ్వు కరిగి కీటోన్లు అనే ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయి, పీహెచ్ 7.3 కంటే కిందికి జారుతుంది. దీన్నే డయాబెటిక్ కీటోయాసిడోసిస్ అంటాం. ఐసీయూలో పెట్టాల్సిన జబ్బు. దానికి మేం చేసే వైద్యం సెలైన్, ఇన్సులిన్, పొటాషియం సరిచూసుకోవడం. మనిషికి ఇన్సులిన్ అందగానే యాసిడ్ తయారవడం ఆగుతుంది. ఇన్సులిన్ మీద ఉన్న మనిషి యాసిడ్‌కు భయపడి ఇన్సులిన్ మానేస్తే, ఏ యాసిడ్‌కైతే భయపడ్డాడో దాన్నే ఇంటికి పిలుచుకున్నట్టు. మీ నాయన విషయంలో నాకున్న మొదటి ఆందోళన ఇదే. ఆయన వయసులో వచ్చే షుగర్‌లో ఇది కొంచెం అరుదే, కానీ జ్వరమో, కాలి పుండో, ఇన్‌ఫెక్షనో తోడైతే రావడానికి ఆస్కారం ఉంది.

రక్తం ఆల్కలైన్ వైపు జరిగితే ఆరోగ్యమా అంటే అదీ కాదు. మేం క్యాజువాలిటీలో తరచూ చూసేదే చెబుతాను. ఇంట్లో గొడవ పడో, పరీక్ష టెన్షన్‌తోనో ఒక అమ్మాయి గబగబా ఊపిరి తీస్తూ వస్తుంది. మూతి చుట్టూ తిమ్మిరి, చేతివేళ్లు ముడుచుకుని కొంగమూతిలా బిగుసుకుపోతాయి. వెంట వచ్చినవాళ్లు గాలి సోకిందనో, పక్షవాతమనో ఏడుస్తుంటారు. జరిగిందేమిటంటే, వేగంగా ఊపిరి తీయడం వల్ల కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తం 7.45 దాటి ఆల్కలైన్ అయింది. పక్కన కూర్చుని మాట్లాడి నిదానంగా ఊపిరి తీయిస్తే కాసేపటికి వేళ్లు విచ్చుకుంటాయి. రక్తాన్ని నిమిషాల్లో అటూ ఇటూ జరిపే శక్తి ఊపిరితిత్తులది. రోజుల లెక్కన సరిదిద్దే శక్తి కిడ్నీలది. తాగే నీళ్లకు అంత పని లేదు.

ఎందుకంటే, నీళ్లు ముందు జీర్ణాశయంలో పడాలి కదా. అక్కడి యాసిడ్ పీహెచ్ 1.5 నుంచి 3.5 వరకు ఉంటుంది. పీహెచ్ 9 అని చెప్పే లీటరు నీళ్లలో మిషన్ అదనంగా చేర్చిన క్షారాన్ని చెల్లుచేయడానికి ఆ యాసిడ్ కొద్దిగా చాలు. ఆ తర్వాత చిన్నపేగులోకి రాగానే క్లోమం నుంచి బైకార్బొనేట్ అనే క్షారం వచ్చి కలుస్తుంది. మీరు మజ్జిగ తాగినా, చింతపండు పులుసు తిన్నా, లక్షన్నర మిషన్ నీళ్లు తాగినా పేగు దగ్గరికొచ్చేసరికి దానికి కావాల్సిన పీహెచ్‌ను అదే చేసుకుంటుంది.

డెమోలో చూసిన రంగులను మీ ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గ్లాసు నీళ్లలో చిటికెడు పసుపు కలపండి. అందులో కాస్త తమలపాకు సున్నం వేస్తే పెళ్లిలో దిష్టి తీసే ఎర్రనీళ్లు తయారవుతాయి. పసుపు క్షారాన్ని పట్టి చూపే మందు. ఇప్పుడు ఆ గ్లాసులోకి ఒక నిమ్మచెక్క పూర్తిగా పిండండి. ఎరుపు విరిగి మళ్లీ పసుపుపచ్చ అవుతుంది. మీ బావ వేసిన చుక్కలూ ఇలా పీహెచ్‌ను బట్టి రంగు మారేవే. మిషన్ నీళ్లలో ఊదా రంగు వచ్చాక నాలుగు చుక్కల నిమ్మరసం వేసి చూపించమనండి, ఏమవుతుందో మీ నాయనే కళ్లారా చూస్తారు. ప్లాంటు నీళ్లు పసుపు రంగు చూపడానికి కారణం, ఆర్‌ఓ చేశాక వాటిలో లవణాలు చాలా తక్కువ మిగులుతాయి, గాల్లోని కార్బన్ డయాక్సైడ్ కాస్త కరిగినా పీహెచ్ 6 దరిదాపుల్లోకి దిగుతుంది. దానివల్ల ఒంటికి నష్టం లేదు. మనం ఇష్టంగా తాగే చారు దానికంటే ఎన్నో రెట్లు పులుపు.

కడ్డీల డెమో మాత్రం నాకు కోపం తెప్పిస్తుంది. అందులో ఒక కడ్డీ ఇనుముది. బోరు నీళ్లలో లవణాలుంటాయి కాబట్టి కరెంటు బాగా పారుతుంది, ఇనుము కరిగి తుప్పుగా తేలుతుంది. మీరు చూసిన మడ్డి దాదాపు అంతా ఆ కడ్డీలోంచి వచ్చిందే. ప్లాంటు నీళ్లలో కరెంటు అంతగా పారదు, అందుకే అవి తేటగా ఉంటాయి. వాటిలో చిటికెడు ఉప్పు వేస్తే అవీ అలాగే మడ్డిగా మారతాయి. ఇది మాత్రం మీరు ఇంట్లో చేయొద్దు, షాక్ కొడుతుంది.

నిమ్మకాయ ప్రశ్న చాలా మంచి ప్రశ్న, ఎక్కువ మంది అడగరు. నిమ్మరసం యాసిడే, నాలుకకు తెలుస్తూనే ఉంది. అందులోని సిట్రేట్‌ను శరీరం వాడుకున్నాక బైకార్బొనేట్ మిగులుతుంది, దాంతో మూత్రం కొంత ఆల్కలైన్ అవుతుంది. వెనకట ఆహారాన్ని కాల్చి, మిగిలిన బూడిద యాసిడా క్షారమా అని చూసేవారు. ఆకుకూరలు, పండ్ల బూడిద క్షారం, మాంసం బూడిద యాసిడ్ అని తేలింది. ఆ లెక్క మూత్రానికి సరిపోతుంది, రక్తానికి సరిపోదు. మూత్రం మారుతోందంటే కిడ్నీలు రక్తాన్ని మారకుండా కాస్తున్నాయన్న మాట. యూరిక్ యాసిడ్ రాళ్లున్నవాళ్లకు మేం సిట్రేట్ మందులు ఇచ్చేది ఇందుకే. మన ఎండలకు రాళ్ల సమస్య ఎక్కువ కాబట్టి నీళ్లు బాగా తాగమనడంలో తప్పు లేదు.

వంట సోడా విషయంలో మెత్తగా చెప్పలేను. చిన్న చెంచా సోడాలో సుమారు 1,250 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజు మొత్తానికి చెప్పిన పరిమితి 2,000 మిల్లీగ్రాములు. పొద్దున్నే సోడా నీళ్లలోనే సగానికి పైగా అయిపోతే, సంగటిలోకి ఊరిబిండి, ఊరగాయ, పప్పులో ఉప్పు ఎక్కడ లెక్కేయాలి? బీపీ పెరుగుతుంది, కాళ్లకు నీరు పడుతుంది, గుండె మీద భారం పడుతుంది. కిడ్నీ జబ్బులో మేమూ సోడియం బైకార్బొనేట్ మాత్రలు రాస్తామన్నది నిజమే. రక్తపరీక్షలో బైకార్బొనేట్ తగ్గిందని చూశాకే, లెక్క ప్రకారం, మళ్లీ మళ్లీ పరీక్షిస్తూ ఇస్తాం.

నోబెల్ మాట ఒట్టి అబద్ధం కాదు, మెలితిప్పిన నిజం. జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్‌కు 1931లో నోబెల్ వచ్చింది. కణాలు ఆక్సిజన్ వాడుకునేలా చేసే ఎంజైమ్‌పై చేసిన పనికి వచ్చింది. క్యాన్సర్ కణాలు చక్కెరను విపరీతంగా వాడుకుని లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతాయని కూడా ఆయన గమనించారు. కాబట్టి గడ్డ చుట్టూ యాసిడ్ ఉండేది గడ్డ వల్లనే. ఆ గడ్డ రక్తంలోని యాసిడ్ వల్ల పుట్టలేదు. మోకాళ్ల నొప్పి ఆ వయసులో ఎక్కువగా అరుగుదల వల్లే వస్తుంది. యూరిక్ యాసిడ్ అనుమానం ఉంటే ఒక రక్తపరీక్షతో తేలిపోతుంది.

ఇప్పుడు మీ ఊరి నీళ్ల సంగతి. మీ బావ డెమోలో అసలు చూడని విషయం ఇదే. మన జిల్లాలో చాలాచోట్ల బోరు నీళ్లు ఏ మిషన్ లేకుండానే ఆల్కలైన్. కింద ఉన్నది గ్రానైట్ రాయి, పైన వాన తక్కువ. బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న నీళ్లలో కాల్షియం పేరుకుని దిగిపోతుంది, రాతిలోని ఫ్లోరైడ్ తేలిగ్గా కరిగి నీళ్లలో చేరుతుంది. అంటే ఫ్లోరైడ్ ఎక్కువుండే నీళ్లు చాలాసార్లు ఆల్కలైన్ నీళ్లే. ఆల్కలైన్ నీళ్లే సర్వరోగ నివారిణి అయితే తరతరాలుగా వాటినే తాగిన మన పల్లెల్లో నడుములు బిగుసుకుపోయి, పళ్లు గోధుమరంగు చారలు పడి ఎందుకుంటాయి? ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఈ జబ్బును ఫ్లోరోసిస్ అంటారు. మనదేశంలో దీని గురించి వైద్యులు 1937లోనే రాశారు, అదీ తెలుగు నేల మీద, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో చూసి. అనంతపురం జిల్లాలో 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వందల పల్లెలకు నీళ్లు తెచ్చిన వెనుక ఉన్న బాధల్లో ఇదీ ఒకటి.

మీ నాయనకు ఇది మామూలు వాళ్లకంటే ఎక్కువ ముఖ్యం. కిడ్నీలు బలహీనపడితే ఫ్లోరైడ్ బయటికి పోవడం తగ్గి ఎముకల్లో చేరడం పెరుగుతుంది. షుగర్ పెరిగి దాహంతో నీళ్లు ఎక్కువ తాగుతున్నారంటే లోపలికి వెళ్లేదీ ఎక్కువే. మిషన్‌లోని కార్బన్ ఫిల్టర్ ఫ్లోరైడ్‌ను చెప్పుకోదగ్గంతగా ఆపదు. నీళ్లను మరిగించినా పోదు, ఆవిరైన కొద్దీ ఇంకాస్త చిక్కబడుతుంది. సరిగా పనిచేసే ఆర్‌ఓ తగ్గించగలదు. కాబట్టి మిషన్ కొనొద్దు.

బావతో గొడవ పెట్టుకోమని చెప్పను, అక్కయ్య కాపురం కూడా చూసుకోవాలి. ‘నాయన కిడ్నీ రిపోర్టు బాగాలేదు, డాక్టర్ చెప్పేదాకా కొత్తవేవీ వద్దు’ అనండి, అది నిజం కూడా. నాయనతో మాట్లాడేటప్పుడు మోసపోయావని అనకండి. సూది పొడుచుకుని విసుగొచ్చిన మనిషికి ఎవరో ఇక వద్దన్నారు, నమ్మారు. ఇన్సులిన్ వేసుకోవడంలో ఏది కష్టంగా ఉందో అడగండి. నొప్పా, రాత్రి షుగర్ పడిపోతుందన్న భయమా, ఖర్చా? వాళ్ల డాక్టర్ దగ్గర ఆ మాటే చెప్పించండి, మోతాదో వేళో మార్చడానికి వీలుంటుంది.

నీళ్ల పరీక్ష మీ దగ్గర్లోని గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లో చేయించుకోవచ్చు. బోరు కాసేపు వదిలి, శుభ్రమైన ప్లాస్టిక్ బాటిల్‌ను అవే నీళ్లతో రెండుమూడు సార్లు తొలిపి, లీటరు పట్టుకెళ్లండి. ఫ్లోరైడ్‌కు గాజు సీసా వద్దు. మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. పళ్ల మీద చారలు పడేది పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులోనే, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు. మీ ఇద్దరు పిల్లలూ ఆ వయసులోనే ఉన్నారు. రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా, వాళ్లు తాగడానికీ, వాళ్ల అన్నం పప్పు వండటానికీ ఈ రోజు నుంచే ప్లాంటు నీళ్లు వాడండి.