ఊళ్లో పిల్లల ఆశ్రమం పెడదామనుకుంటున్నాం, గేదెల మీద నడుస్తుందా?

ప్రశ్న: మేం డాలస్‌లో ఉండే నలుగురు స్నేహితులం. మా ప్రకాశం జిల్లాలో పాతికమంది అనాథ పిల్లలకు ఆశ్రమం కట్టాలని ఉంది. ఊళ్లో ఉన్న మా క్లాస్‌మేట్ చూసుకుంటానంటున్నాడు, రెండెకరాలు తన పేరు మీద కొందామంటున్నాడు. ఎప్పటికీ మేమే డబ్బు పంపకుండా గేదెలు, మామిడితోట పెట్టి దాని ఖర్చు అదే సంపాదించుకునేలా చేయొచ్చా?

జవాబు: ముందు మీ నలుగురిలో ఎవరెవరికి సిటిజన్‌షిప్ వచ్చిందో చెప్పండి, ఎందుకంటే కథంతా అక్కడే మలుపు తిరుగుతుంది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదనని బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లు పంపేది మాత్రం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకిచ్చేది) ఉన్నా సరే, విదేశీ విరాళమే. అది తీసుకోవాలంటే ఆశ్రమం నడిపే ట్రస్టుకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. మామూలుగా అది రావడానికి సంస్థ పెట్టి మూడేళ్లు దాటాలి, ఆ మూడేళ్లలో సేవ మీద కనీసం 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. పోనీ రిజిస్ట్రేషన్ ఉన్న వేరే సంస్థకి పంపి అక్కడినుంచి మళ్లిద్దామంటారా, ఆ చట్టానికి 2020లో చేసిన సవరణతో ఆ దారి మూసేశారు.

స్థలం సంగతి. మీ క్లాస్‌మేట్ బంగారంలాంటి మనిషే కావచ్చు, కానీ రేపు ఆయన పిల్లలు వాటా అడిగితే ఆశ్రమం ఎక్కడికి పోతుంది? ట్రస్టు పేరు మీదే రాయించండి. బ్యాంకు చెక్కుల మీద రెండు సంతకాలు పెట్టండి, ట్రస్టీల్లో ఊరి బయటివాళ్లు కూడా ఉండేలా చూడండి.

ఇక గేదెలు. ఇచ్చే పాలు దాణాకీ జీతగాడికీ పోను మిగిలేది కొంచెం, వట్టిపోయిన నెలల్లో అదీ ఉండదు. మామిడి కాపుకి రావడానికే నాలుగైదేళ్లు. పిల్లలకి నాలుగు పాలచుక్కలు దొరుకుతాయి, అది మంచిదే, కానీ దానిమీద వార్డెన్ జీతం ఇస్తామనుకోకండి. పేడ ఎత్తే పని పిల్లల చేత చేయిస్తే అసలుకే మోసం. లెక్క చూడండి: పిల్లకి నెలకి 8 వేలనుకుంటే పాతికమందికి ఏడాదికి 24 లక్షలు. 7 శాతం వడ్డీతో అంత రావాలంటే దాదాపు మూడున్నర కోట్లు డిపాజిట్ కావాలి. టౌన్లో నాలుగు షాపులు కట్టి అద్దెకిస్తే ఆ భారం కొంత దిగుతుంది.

పుట్టినరోజు విరాళాల మీద ఆధారపడే చోట ఎలా ఉంటుందో చూశాను. హాల్లో బోర్డు మీద దాతల తేదీలు, ఆదివారం మూడు కేకులు, మంగళవారం కందిపప్పు అరువు.

అసలు అడగాల్సింది ఇంకొకటుంది. పిల్లల్ని ఎవరో తెచ్చి అప్పజెబితే చేర్చుకోవడం కుదరదు, దొరికిన బిడ్డని 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు పెట్టాలి, ఎక్కడుంచాలో వాళ్లు చెప్తారు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్టర్ కాకుండా ఆశ్రమం నడిపితే ఏడాది వరకు జైలు, లక్షకి తగ్గని జరిమానా, లేదా రెండూ. అదే చట్టం సంస్థలో ఉంచడాన్ని చిట్టచివరి మార్గంగానే చూస్తుంది. 'అనాథ' అని చేరిన చాలామందికి తల్లో, అమ్మమ్మో ఉంటారు, లేనిది డబ్బే. మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద అలాంటి పిల్లకి ఇంట్లోనే ఉండేలా నెలకి 4,000 ఇచ్చే ఏర్పాటుంది. అది అందని కుటుంబాలు మీ మండలంలో ఎన్నున్నాయో జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో అడగండి. ఇటుక తర్వాత కొనొచ్చు, ముందు ఆ పిల్లల బడి ఖర్చు, దరఖాస్తులు పెట్టించే ఒక మనిషి జీతం చూసుకోండి, మీ క్లాస్‌మేట్‌కి చేతినిండా పని దొరుకుతుంది.

అన్నట్టు, పిల్లల ఫొటోలు, పేర్లు ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు, దాతలు ఎంత అడిగినా సరే. అలా గుర్తు తెలిసేలా పెడితే ఆరు నెలల వరకు జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ.