పిల్లలు, పెద్దవాళ్ళతో వేసవిలో ఇటలీ: ఎన్ని నగరాలు చూడవచ్చు?

వేసవి సెలవుల్లో కుటుంబమంతా ఇటలీకి వెళ్తే ఎన్ని చారిత్రక నగరాలు పెట్టుకోవచ్చని అడిగారు. వెనిస్‌ను వదులుకోవడం కష్టమే అయినా, రోమ్, ఫ్లోరెన్స్ రెండూ చాలునని నా అభిప్రాయం. మేము మా అమ్మను, బడికి వెళ్ళే పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని అలాగే వెళ్ళాము. ఈ రెండు నగరాల మధ్య వేగంగా నడిచే రైలులో దాదాపు గంటన్నర ప్రయాణమే కాబట్టి, పెట్టెలు సర్దుకోవడంలోనే సెలవులు కరిగిపోలేదు.

రెండింటినీ కలిపే కథ ఒకటి ఉంటే పిల్లలకు ఆసక్తి నిలుస్తుంది. మేము అందుకు రెండు గుమ్మటాలను ఎంచుకున్నాము. రోమ్‌లోని పాంథియన్ అనే పురాతన ఆలయం రెండవ శతాబ్దంలో, హేడ్రియన్ చక్రవర్తి కాలంలో పూర్తయింది. సుమారు 43 మీటర్ల వ్యాసం గల దాని గుమ్మటంలో ఇనుప కడ్డీ ఒక్కటీ లేదు. అలాంటి కాంక్రీటు గుమ్మటాల్లో నేటికీ ప్రపంచంలో అదే పెద్దది. బరువు తగ్గడానికి పైకి వెళ్ళేకొద్దీ మందం తగ్గించి, మిశ్రమంలో ప్యూమిస్ వంటి తేలికైన అగ్నిపర్వత శిలను కలిపారు. నడిమధ్యన కప్పు లేకుండా వదిలిన వలయంలోంచి వాన లోపలే పడుతుంది. ఆ నీరు పోవడానికి నేలలో చిన్న రంధ్రాలున్నాయని చెప్పగానే, మా పిల్లలు వాటిని వెతుకుతూ ఎంతసేపు ఉన్నారో చెప్పలేను.

ఫ్లోరెన్స్ ప్రధాన చర్చి మీద అంతటి వెడల్పున్న ఖాళీ దశాబ్దాల పాటు కప్పు లేకుండానే ఉండిపోయింది. 1420లో పని మొదలుపెట్టిన వాస్తుశిల్పి బ్రునెల్లెస్కి, నేల నుంచి కొయ్య ఆధారం నిలపకుండానే, ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు పొరలుగా గుమ్మటాన్ని లేపి 1436 నాటికి పూర్తి చేశాడు. పైకి వెళ్ళే 463 మెట్లు ఆ పొరల మధ్య నుంచే సాగుతాయి కాబట్టి, ఇటుకలను ఏటవాలుగా ఎలా పేర్చారో పిల్లలు దగ్గరగా చూడగలిగారు. లిఫ్టు లేదు, దారి ఇరుకు. మా అమ్మ ఎక్కకుండా పక్కనే ఉన్న చర్చి మ్యూజియంలో ఆనాటి పనిముట్లను, కప్పీలను తీరిగ్గా చూసి, సాయంత్రం మాకే వివరించింది. పెద్దవాళ్ళను ఊరికే బయట కూర్చోబెట్టకుండా ఇలాంటి ఏర్పాటు ముందే ఆలోచించుకోండి.

జూలై, ఆగస్టు ఎండలు తీవ్రంగా ఉంటాయి. రోమ్‌లోని పురాతన క్రీడారంగమైన కొలోసియంలో నీడ తక్కువ కనుక తెరిచే వేళకే వెళ్ళి, అక్కడి నుంచి కొద్ది నిమిషాల నడకలో ఉన్న సాన్ క్లెమెంటే చర్చికి వెళ్ళండి. పన్నెండవ శతాబ్దపు చర్చి కింద నాలుగవ శతాబ్దపు చర్చి, దాని కింద రోమన్ల కాలపు కట్టడం ఉన్నాయి. దిగేకొద్దీ చల్లగా ఉంటుంది. చాలా చర్చీలు మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి ఆ వేళను విశ్రాంతికి ఉంచుకోండి. భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు తప్పనిసరి. రోమ్ వీధుల్లో ఆగకుండా పారే కుళాయిల నీరు తాగవచ్చు కనుక ఖాళీ సీసాలు చాలు. ఫ్లోరెన్స్ గుమ్మటం ఎక్కడానికి మాత్రం రోజు, గంట నిర్ణయించిన టిక్కెట్టు ముందుగానే తీసుకోవాలి.