పాత కంప్యూటర్‌కు ఎంత ఖర్చు పెట్టాలి? చీటీ ఇప్పుడే పాడుకోవాలా?

ప్రశ్న: మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. మా వారు ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయులు, జీతం 26,000 రూపాయలు. నేను ఇంట్లో డీటీపీ పని చేస్తాను. పెళ్లిపత్రికలు, కరపత్రాల మీద నెలకు సగటున 7,000 వస్తాయి, ముహూర్తాలు లేని నెలల్లో 2,000 కూడా రావు. ఇంటి ఖర్చు 24,000. మా కంప్యూటర్ 2014లో కొన్నది: నాలుగో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఫైలు తెరవడానికే నిమిషాలు పడుతోంది. ఫార్మాట్లకు, యూపీఎస్ బ్యాటరీకి, చిన్నచిన్న మరమ్మతులకు ఏడాదిలో 3,600 అయ్యాయి. షాపులో అప్‌గ్రేడ్‌కు 21,700 చెప్పారు: పాత ఐ5 ప్రాసెసర్ 2,800, 8 జీబీ ర్యామ్ 1,300, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ 4,200, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ 1,900, బీటెక్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి అడుగుతున్న గ్రాఫిక్స్ కార్డు 11,500. కొత్తది అసెంబుల్ చేయిస్తే 44,000. నగదుకు 1,500 తగ్గిస్తారట, లేదంటే 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ. 70,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. నెలకు 2,500 కడుతున్న 50,000 చీటీ సెప్టెంబరులో ముగుస్తుంది. ఇప్పుడు పాడుకుంటే 43,000, చివరి దాకా ఆగితే 47,500 వస్తాయి. ఏం చేయమంటారు?

సమాధానం: కొత్త కంప్యూటర్‌కు కావలసిన డబ్బు మీరు ఇప్పటికే నెలనెలా కూడబెడుతున్నారు. ఆ చీటీ సొమ్ము చేతికి రావడానికి ఇంకా ఏడు నెలలు ఉంది. కాబట్టి పాత యంత్రానికి పెట్టే ప్రతి రూపాయినీ ఈ ఏడు నెలలు గడవడానికి అది అవసరమా అన్న ఒక్క ప్రశ్నతోనే తూచాలి. ఆ లెక్కన 21,700 రూపాయల కొటేషన్‌లో మీకు పనికివచ్చేది 5,500 మాత్రమే. మిగిలినది ఇప్పుడు పెట్టవద్దు.

ముందు చీటీ సంగతి చూద్దాం. ఇప్పుడు పాడుకుంటే మీరు వదులుకునేది 4,500 రూపాయలు. 43,000 రూపాయలను ఏడు నెలలు ముందుగా వాడుకున్నందుకు అంత చెల్లించడమంటే ఏడాదికి దాదాపు 18 శాతం వడ్డీకి అప్పు తెచ్చుకోవడమే. అయితే ఒక విషయం తప్పనిసరిగా సరిచూసుకోండి. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం ప్రకారం చీటీ నడిపేవారు రిజిస్ట్రారు అనుమతి తీసుకుని, సభ్యులతో ఒప్పందం రాసుకుని, దానిని నమోదు చేయించాలి. మీ దగ్గర ఆ ఒప్పందం ప్రతి, పాస్‌బుక్కు ఉంటే నిశ్చింతగా సెప్టెంబరు దాకా ఆగండి. అది తెలిసినవాళ్ల మధ్య నోటిమాట మీద నడుస్తున్న చీటీ అయితే మాత్రం నా సలహా మారుతుంది. అప్పుడు 4,500 పోయినా ఇప్పుడే పాడుకుని, వచ్చిన 43,000 రూపాయలను బ్యాంకులో వేసుకోండి, మిగిలిన వాయిదాలు యథావిధిగా కట్టండి, కంప్యూటర్ మాత్రం సెప్టెంబరులోనే కొనండి. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో చివరి వరకూ ఆగిన సభ్యులే ఎక్కువగా నష్టపోయిన చీటీల గురించి మీరు వినే ఉంటారు. అలాంటి చోట ఆ 4,500 రూపాయలను భద్రత కోసం పెట్టిన ఖర్చుగానే చూడాలి.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. బ్యాంకు తన వడ్డీని తాను తీసుకుంటుంది, అమ్మేవారు ఆ మేరకు ధర తగ్గించినట్లు చూపిస్తారు. సున్నా వడ్డీ పథకాల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు వంటి రూపాల్లో కనిపించకుండా చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులను హెచ్చరించింది. మీ 44,000 రూపాయలకు బ్యాంకు 16 శాతం వడ్డీ వేస్తుందనుకుంటే, వాయిదాల్లో ఇమిడిన వడ్డీ సుమారు 3,600 అవుతుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ సుమారు 650 రూపాయలు మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు, మీరు పోగొట్టుకునే 1,500 నగదు తగ్గింపు కూడా కలిపితే ఖర్చు లేదని చెప్పిన పథకానికి రెండున్నర వేల దాకా అవుతుంది. నన్ను అంతకన్నా ఎక్కువగా కలవరపెడుతున్నది వాయిదా మొత్తం. నెలకు 3,667 రూపాయల ఈఎంఐకి 2,500 చీటీ తోడైతే 6,167 అవుతుంది. ఆషాఢంలో మీకు 2,000 రాని నెల వస్తే ఆ వాయిదా మీ వారి జీతం మీద పడుతుంది, జీతంలో 24,000 ఇంటికే పోతోంది. అలాంటి నెలలో ఈ ఈఎంఐ పడే క్రెడిట్ కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ పడుతుంది.

ఇప్పుడు యంత్రం దగ్గరికి వద్దాం. షాపుకు వెళ్లే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. పత్రికలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో మామూలుగా పని చేసుకుంటూ టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. డిస్క్ దగ్గర చాలాసేపు 100 శాతం కనిపిస్తే ఆలస్యానికి కారణం హార్డ్ డిస్క్, మెమరీ దగ్గర 90 శాతం దాటి నిలబడితే కారణం ర్యామ్. మీ యంత్రం వయసును బట్టి రెండూ కనిపించవచ్చని నా అంచనా. ప్రాసెసర్ ఒక్కటే 100 శాతంలో ఉండి మిగతావి ఖాళీగా ఉంటే, ముందు దుమ్ము దులిపించి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు మార్పించండి. మన ఎండలకు పదేళ్లు దాటిన యంత్రం వేడెక్కి నెమ్మదించడం సహజం, ఈ పనికి కొన్ని వందల రూపాయలకు మించి అవసరం లేదు.

కొటేషన్‌లో ఎస్‌ఎస్‌డీ తీసుకోండి. పాత హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్లెం ఉంటుంది, చదివే మొన ఆ పళ్లెం మీద చోటు వెతుక్కుంటూ కదలాలి. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. అందుకే మీ మదర్‌బోర్డు మీద ఇంత తేడా తెచ్చే భాగం మరొకటి లేదు. పైగా కేబుల్‌తో తగిలించే సాటా రకం ఎస్‌ఎస్‌డీని రేపు కొత్త యంత్రంలోకి మార్చుకోవచ్చు, కనుక ఆ 4,200 పోయే డబ్బు కాదు. ర్యామ్ పరిస్థితి వేరు. మీ బోర్డుకు సరిపోయేది డీడీఆర్3, కొత్త బోర్డులన్నీ డీడీఆర్4 లేదా డీడీఆర్5తో వస్తాయి, ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టదు. అంటే ఆ 1,300 పాత యంత్రంతోనే పోతుంది. అయినా ఏడు నెలలకు పంచితే నెలకు 190 రూపాయల లోపే పడుతుంది, పెళ్లిళ్ల కాలంలో ఒక్క పని చేజారకుండా ఉంటే ఆ డబ్బు తిరిగి వచ్చేస్తుంది.

ప్రాసెసర్ వద్దు. అప్‌గ్రేడ్‌లో మనిషిని విసిగించే చోటు ఇదే. నాలుగో తరం ప్రాసెసర్ స్థానంలో అదే తరం ఐ5 పెట్టుకున్నా విండోస్ 11కు అర్హత రాదు, ఎందుకంటే మైక్రోసాఫ్ట్ ఇంటెల్‌లో ఎనిమిదో తరాన్ని, దానితో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌ను కనీస అవసరంగా పెట్టింది. అర్హమైన ప్రాసెసర్ పెడదామంటే మీ బోర్డు సాకెట్‌లో అది కూర్చోదు, బోర్డు మారిస్తే ర్యామ్ మారాలి, కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ లైసెన్సు సాధారణంగా పాత బోర్డుకే కట్టుబడి ఉంటుంది కనుక అదీ మళ్లీ కొనాలి. చిన్న మార్పు అనుకుని మొదలుపెట్టిన వాళ్లు సగం కొత్త కంప్యూటర్ కొని, సగం పాతదానితో మిగిలిపోయేది ఇలాగే. అర్హత లేని యంత్రంలో కూడా విండోస్ 11 ఎక్కిస్తామని కొందరు అంటారు. అలా ఎక్కించిన వాటికి తర్వాతి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు, మీ జీవనాధారాన్ని దాని మీద నిలపవద్దు.

ఎస్‌ఎంపీఎస్ పనిచేస్తున్నంత వరకు మార్చకండి. గ్రాఫిక్స్ కార్డు గురించి మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి: మొదటి సంవత్సరం సీ, పైథాన్ ప్రోగ్రాములకు 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న ఈ యంత్రం చక్కగా సరిపోతుంది, ఏఐ ప్రాజెక్టులు చేయాలంటే ఇంటర్నెట్‌లోనే ప్రోగ్రాములు నడిపించుకునే గూగుల్ కొల్యాబ్‌లో గ్రాఫిక్స్ ప్రాసెసర్‌ను కొంత పరిమితితో ఉచితంగా వాడుకోవచ్చు. అతని కోరికలో తప్పులేదు, కానీ పన్నెండేళ్ల బోర్డు మీద 11,500 పెట్టడం అతని చదువుకు మేలు చేయదు. ఇప్పటికే ఖర్చయిన 3,600 గురించి కూడా రాశారు. దానిని తలచుకుని ఇంత పెట్టాం కదా అని ఇంకా పెట్టడం గతజల సేతుబంధనమే, ఆ అంకెను ఈ లెక్కలోకి రానివ్వకండి.

భద్రత విషయంలో ఒక తేదీ గుర్తుంచుకోవాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవారికి అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 వరకు ఇస్తామని ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి, సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేసుకుంటే దీనికి రుసుము లేదు. మీ విండోస్ 10 వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి, సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకోవచ్చు. మీ చీటీ ముగిసేది సెప్టెంబరులో కనుక ఈ గడువుకు ముందే కొత్త యంత్రం ఇంటికి వస్తుంది. ఆ రోజుల్లోనే భాద్రపదం, ముహూర్తాలు ఉండవు, నాలుగు రోజులు పని ఆపి ఫైళ్లు మార్చుకోవడానికి మీకు అంతకన్నా అనువైన సమయం దొరకదు.

ఆగితే ధరలు పెరగవా అన్న సందేహం న్యాయమైనదే. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, ఎస్‌ఎస్‌డీలకూ ఆ సెగ తగిలింది. క్రూషియల్ పేరుతో వినియోగదారులకు ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటామని మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది. అందువల్ల సెప్టెంబరులో చౌకగా దొరుకుతుందని నేను చెప్పను. కానీ మీ చీటీ 47,500 ఇస్తుంది, నేటి ధర 44,000, కనుక 3,500 పెరిగినా మీరు చేయి చాచనక్కర లేదు. ఇప్పుడు కొన్న ఎస్‌ఎస్‌డీని కొత్తదానిలో వాడుకుంటానని చెప్పి, ఆ మేరకు కొటేషన్ తగ్గించమని అడిగితే ఇంకొంత వెసులుబాటు వస్తుంది. మానిటర్, కీబోర్డు, యూపీఎస్ పాతవే ఉంచుకోండి.

ధర అంతకు మించి పెరిగితే చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరికే, కార్యాలయాలు వాడి వదిలిన డెస్క్‌టాప్‌లను చూడవచ్చు. ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉన్నదైతేనే తీసుకోండి, జీఎస్టీ నంబరు ఉన్న బిల్లు మీద సీరియల్ నంబరు, వారంటీ నెలలు రాయించుకోండి. వీటిలో చాలావాటికి బోర్డు, ఎస్‌ఎంపీఎస్ ఆ కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి, పాడైతే చిత్తూరులో విడిభాగం దొరకడం కష్టం. వారంటీ కోసం మళ్లీ చెన్నై వెళ్లే రైలు ఖర్చును, ఒక రోజు పనిని ధరలో కలుపుకుని పోల్చండి.

డీటీపీ చేసేవారు ఎక్కువగా మరచిపోయే ఖర్చు సాఫ్ట్‌వేర్. పేజ్‌మేకర్‌ను అడోబ్ ఎప్పుడో నిలిపివేసింది, మీరు వాడే తెలుగు అను ఫాంట్ల పాత వెర్షన్ విండోస్ 11లో సరిగా నడుస్తుందో లేదో కొనకముందే తేల్చుకోవాలి. మీరు చేసిన ఒక పెళ్లిపత్రికను పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, షాపులోని విండోస్ 11 యంత్రం మీద మీ సాఫ్ట్‌వేర్‌తో తెరిపించి, ఒత్తులు, గుణింతాలు చెదరకుండా ప్రింటు వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి. నడవకపోతే కొత్త వెర్షన్ ధర తెలుసుకుని బడ్జెట్‌లో చేర్చండి. అది భారమైతే ఎస్‌ఎస్‌డీని పాత యంత్రంలోనే ఉంచి, దానికి ఇంటర్నెట్ పూర్తిగా తీసేసి, పత్రికల పనికి మాత్రమే వాడుకోండి. కొత్తదానిలో మెయిళ్లు, బ్యాంకు లావాదేవీలు, అబ్బాయి చదువు సాగుతాయి.

ఎస్‌ఎస్‌డీ వేయించే రోజున పాత హార్డ్ డిస్క్‌ను షాపులో వదిలి రావద్దు. కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ కేసులో పెట్టుకుంటే మీ ఖాతాదారుల ఫైళ్లకు అదే బ్యాకప్ అవుతుంది. అయితే అది కూడా పన్నెండేళ్లదే కనుక ముఖ్యమైన వాటికి పెన్‌డ్రైవ్‌లో మరో కాపీ ఉండాలి.

ఫిక్స్‌డ్ డిపాజిట్ జోలికి వెళ్లవద్దు. 24,000 ఖర్చున్న ఇంటికి 70,000 అంటే మూడు నెలలు కూడా నిండదు, ఆసుపత్రి ఖర్చు వచ్చినా, జీతం ఆలస్యమైనా అదే ఆధారం. ఒకవేళ సెప్టెంబరు లోపే పాత బోర్డు పూర్తిగా పాడై, చేతిలో పెళ్లిపత్రికల పనులు నిలిచిపోయే పరిస్థితి వస్తే, డిపాజిట్‌ను రద్దు చేయకుండా దాని మీద అప్పు అడగండి. బ్యాంకులు సాధారణంగా డిపాజిట్ వడ్డీకి ఒకటి, రెండు శాతం మాత్రమే కలిపి, డిపాజిట్‌లో 90 శాతం దాకా ఇస్తాయి. చీటీని 18 శాతానికి పాడుకోవడం కన్నా, కార్డు మీద ఈఎంఐ పెట్టుకోవడం కన్నా అది చౌక. ఆ అప్పును సెప్టెంబరులో చీటీ డబ్బు చేతికి రాగానే ఒకేసారి తీర్చేయండి.