ఆరు లక్షల ఆఫర్‌కు సరే అనేముందు

చిట్టితల్లీ,

చెన్నై కంపెనీ ఆఫర్ లెటర్ చూశాను. ఏడాదికి ఆరు లక్షలని మీ నాన్న నెల్లూరంతా చెప్పుకుంటున్నాడు. సంతోషమే. కానీ నెలకు 50 వేలు వస్తాయని మాత్రం లెక్క వేసుకోవద్దు.

రెండో పేజీలో జీతం బ్రేకప్, అంటే ఏ పద్దు కింద ఎంతో, ఉంది చూడు. 60 వేలు వేరియబుల్. అది ఏడాది చివర వాళ్లు ఇస్తేనే వస్తుంది. బేసిక్, అంటే మూల జీతం, 3 లక్షలు కాబట్టి అందులో 12 శాతం, అంటే 36 వేలు, కంపెనీ వాటా పీఎఫ్. ఏళ్ల తరబడి చేసి మానేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ 14,430. ఆ ఆరు లక్షల్లోంచి ఇవన్నీ తీసేసి, నీ వాటా పీఎఫ్ నెలకు 3 వేలు కూడా పోతే చేతికొచ్చేది నెలకు 37,500 చుట్టూ. ఇన్‌కమ్ ట్యాక్స్ పడదులే. అందులోనే హాస్టలు, తిండి. ఇప్పుడు ఇంట్లో ఉండి 28 వేలు తెచ్చుకుంటున్నావు. తేడా ఎంతో నువ్వే చూసుకో.

మార్కెట్ బాలేదని నోరు మెదపకుండా సంతకం పెట్టకు. రొయ్యల కంపెనీలో ఇన్నేళ్లు జీతాల లెక్కలు చూసినవాణ్ణి, అవతలి టేబుల్ సంగతి నాకు తెలుసు. 2025లో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినట్టు ఎక్స్‌పోర్టుకు దెబ్బ తగిలే రోజుల్లో మొత్తం జీతం పెంచమంటే హెచ్‌ఆర్ వాళ్లు పైకి వెళ్లి అనుమతి తేవాలి, అక్కడే ఆగిపోతుంది. మొత్తం అలాగే ఉంచి లోపల మార్చమంటే చాలాసార్లు ఒప్పుకుంటారు. నువ్వు అడగాల్సింది అదే. వేరియబుల్‌లో 30 వేలు ఫిక్స్‌డ్‌లోకి, అంటే నెలనెలా ఖాయంగా వచ్చే జీతంలోకి, వస్తే నెలకు దాదాపు రెండున్నర వేలు. నీ హాస్టలు బాడుగలో మంచి భాగమే.

ఫోన్‌లో ఇలా అను: "సార్, ఆఫర్ నచ్చింది, చేరాలనే ఉంది. ఇక్కడ జీఎస్టీ రిటర్న్‌లన్నీ నేనొక్కదాన్నే వేస్తున్నాను, అక్కడా మొదటి రోజు నుంచి ఆ పని చూడగలను. వేరియబుల్‌లో సగం ఫిక్స్‌డ్‌లోకి మార్చడానికి కుదురుతుందా?" అంతే, ఆగిపో. అవతల మాట్లాడకపోతే కంగారుపడి "పర్లేదులెండి సార్" అనకు. మన ఇంట్లో ఆడపిల్లలందరికీ ఆ అలవాటుంది, అది నాకు బాధ. ఇంటి అప్పుల సంగతి ఎత్తకు. లేని ఆఫర్ ఉందని అసలు చెప్పకు, లెటర్ చూపించమంటే పరువు పోతుంది.

కుదరదంటే ఆరు నెలలకు జీతం మళ్లీ చూస్తామని లెటర్‌లో రాయమను. జాయినింగ్ బోనస్ ఇస్తామంటే మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలా అని అడుగు. రెండూ కాదన్నా పని పెద్దదైతే వెళ్లమనే అంటాను. నీకు ఇరవై నాలుగేళ్లే, ఇక్కడ నేర్చుకోవడానికి ఇంకేం మిగల్లేదు.

మాట మీద ఒప్పుకున్నది లెక్కలోకి రాదు. మార్చిన లెటర్ మెయిల్‌కు వచ్చేదాకా ఇక్కడ రాజీనామా ఇవ్వకు. మీ ఆఫీసులో నోటీసు పీరియడ్ ఎన్ని రోజులో నీ పాత అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూసి, ఈ రాత్రికే నాకు ఫోన్ చెయ్యి. చేరే తేదీ దాన్నిబట్టే అడగాలి.

మీ పెదనాన్న